బర్కద్‌లో నీ సగం

మొగదిషు,
జిలాల్ ఎండలు మొదలైన వారం

దహబో అక్కకి,

కిన్సీ సలాములు. ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. సముద్రపు గాలికి ఒంటి మీద ఉప్పు పేరుకోవడం తప్ప వేరే ఇబ్బంది లేదు. అక్కడ బావ, పిల్లలు, మేకలు అందరూ బాగున్నారని తలుస్తాను. మేకల్ని చివర రాసినందుకు తిడతావని తెలుసు.

అక్కా, నాకు పని దొరికింది. మన భాషకి పెద్ద నిఘంటువు తయారుచేస్తున్నారు. మన మాటలన్నీ ఏరి, ఒక్కోదానికి అర్థమూ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా రాయాలి. మనం రోజూ మాట్లాడుకునే మాటలకి మనకే అర్థం చెప్పడానికి జీతాలిస్తారా అని నువ్వు నవ్వుతావు. ఇస్తున్నారు. నాకు నీళ్ళ మాటలు అప్పగించారు. బావి, చెలమ, కుంట, తొట్టి, బొక్కెన, ఒంటెలకి నీళ్ళు తోడేటప్పుడు పాడే పాటల్లో మాటలు. మా గదిలోనే గూలేద్ అని ఒకతను ఉన్నాడు, అతనికి ఆ పాటలు చాలా వచ్చు. నేను మర్చిపోయిన చరణాలు గూలేద్ అందిస్తాడు.

అంతా సాఫీగా సాగుతుండగా మన వాననీళ్ళ ‘బర్కద్’ దగ్గర బండి ఇరుక్కుంది.

బుల్హాన్ తాత అని మా గదిలో ఒక పెద్దాయన. ఆయన అన్నాడు కదా, “అది అచ్చంగా మన మాట. బర్కిన్ అంటే తలగడ. బర్కద్ ఉన్నవాడు ఎవడు నీళ్ళు దోచుకుపోతాడో అని దాని మీదే తల పెట్టుకు పడుకుంటాడు. అందుకని బర్కద్.”

షేక్ దాహిర్‌కి కోపం వచ్చింది. “నీ తలగడ తగలెయ్య. బరకత్ అంటే దీవెన. ఎండల్లో నీళ్ళని మించిన దీవెన ఏముంది? దాంట్లోంచే వచ్చింది,” అన్నాడు.

ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. గూలేద్ వాళ్ళది హౌద్ మైదానానికి అవతలి అంచు. వాళ్ళ వైపు బర్కద్‌లే లేవట, కాబట్టి అతనికీ తెలియదు. చివరికి మా పెద్ద నా వైపు తిరిగి, “నువ్వు బర్కద్ పక్కన పుట్టిన పిల్లవి కదా, మీవాళ్ళకి రాయి,” అన్నాడు.

పక్కన పుట్టలేదు, అది పుడుతుంటే చూశాను. కానీ అప్పటికి నేను నాన్న భుజం మీద ఉన్నాను, ఏమీ గుర్తులేదు. ఆ మాట మన దగ్గరికి ఎవరు తెచ్చారు? మొదట్లో జనం ఏమనుకున్నారు? నీకు తెలిసినంతా రాయి. నీ అక్షరాలు ఎలా ఉన్నా ఫరవాలేదు.

నీ చెల్లెలు,
కిన్సీ

*

గెద్దీర్, బర్కద్‌ల దగ్గర, హౌద్

కిన్సీకి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం లారీ నడిపే షిరె తెచ్చి ఇచ్చాడు. చదవడానికి ఒక పొద్దు పట్టింది. నాకు అక్షరాలు నేర్పిన పట్నం పిల్ల వెళ్ళిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఆ పిల్ల ఈ రాత చూస్తే ఏడుస్తుంది. నువ్వు ఏడవకు.

మేకలు బాగున్నాయి. నిన్నూ చివరే అడిగాయి.

మీ పెద్దలిద్దరికీ చెప్పు, తలగడ కాదు, దీవెన కాదు. ఆ మాట సముద్రం అవతల నుంచి ఏల్మీ మామ నోట్లో పడి వచ్చింది. బర్కద్ తర్వాత వచ్చింది, మాట ముందొచ్చింది. ఆ మధ్యలో ఒక సంసారం కూలిపోయేదే.

ఏల్మీ మామ కుర్రతనంలో ఏడెన్ వెళ్ళి ఒక తాపీమేస్త్రి కింద పనిచేసి, తల నెరిశాక తిరిగొచ్చాడు. అప్పటికి మనకి ఎండాకాలమంటే నడక. వాననీళ్ళ కుంటలు ఎండగానే గుడిసెలు ఒంటెల మీదికెక్కించి, బావుల దాకా పోవడం. మామకి అలవాటు తప్పింది, కాళ్ళు వాచేవి. పాల చాయ తాగుతూ గొణిగేవాడు: “బర్కద్ ఉంటే నాకీ గతి పట్టదు. ముసలితనంలో నన్ను బర్కదే ఆదుకోవాలి.”

మనలో మగపిల్లలకి అలాంటి పేరు పెడతారు కదా. వాళ్ళావిడ విన్నది. గుండె బాదుకుంటూ నాన్న దగ్గరికి వచ్చింది. “అన్నా, ఈయనకి అవతలి ఒడ్డున ఇంకో సంసారం ఉంది. కొడుకు పేరు బర్కద్. ముసలితనంలో వాడే చూస్తాడట. మరి నేను కన్నవాళ్ళు గాడిదలా?”

నాన్న మామని పిలిపించాడు. నేను అక్కడే మేకపిల్లకి పాలు పడుతున్నాను, అంతా విన్నాను.

“ఎవడయ్యా ఈ బర్కద్?”

“గొయ్యి.”

“కడుపున పుట్టినవాణ్ణి గొయ్యి అంటావేంటి?”

మామ కర్ర తీసుకుని ఇసకలో పొడుగ్గా ఒక గీత గీశాడు, పక్కన ఇంకోటి. “నేల తవ్వి, నాలుగు వైపులా రాయి కట్టి, సిమెంటు పూస్తారు. పారిపోయే వాననీళ్ళని అందులోకి తోలి కూర్చోబెడతారు. అక్కడి అరబ్బులు దాన్ని బిర్కా అంటారు. నా నోరు తిరక్క బర్కద్ అన్నాను. ఇదే నా రెండో సంసారం, కావాలంటే కొట్టండి.”

వాళ్ళావిడ నమ్మలేదు. మన గొయ్యి తవ్వి, రాళ్ళు కట్టి, మొదటి వానకి నిండాక, అంచున నిలబడి లోపలికి తొంగి చూసి, “సరే, గొయ్యే,” అని ఇంటికెళ్ళింది. ఈ ఇసకలో మొదటి బర్కద్ నాన్నది. ఆ ఏడాది నుంచి మనం నడవలేదు. అమ్మ మోకాళ్ళు ఆ ఏడాదే కుదుటపడ్డాయి.

ఇది రాసుకో. ఇప్పుడు నా మాటకి జవాబు చెప్పు. ఈ గూలేద్ ఎవరు? బర్కద్ గురించి అడిగిన ఉత్తరంలో బర్కద్ కన్నా గూలేద్ ఎక్కువ ఉన్నాడు.

ఇక్కడ పెద్ద విశేషాలు లేవు. మన వైపు కిందటి వానలు తక్కువే అయినా పడ్డాయి. తూర్పున అసలు పడలేదు. అక్కడి పెద్ద అవాలె మనుషులు గుడిసెలు విప్పుకుని ఇటే వస్తున్నారని షిరె చెప్పాడు. పెదనాన్న వాళ్ళ సమతర్ అన్న బర్కద్ కంచెకి ఇంకో వరస ముళ్ళు వేయించాడు.

దహబో

*

మొగదిషు

అక్కా,

ఏల్మీ మామ రెండో సంసారం కథ గదిలో చదివితే బుల్హాన్ తాత కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తలగడ సంగతి మళ్ళీ ఎత్తలేదు. షేక్ దాహిర్ మాత్రం లావుపాటి అరబ్బీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, “బిర్కా సరే. మరి దాని తల్లి ఎవరో చూడు,” అన్నాడు.

చూశాను అక్కా. వాళ్ళ భాషలో ఒంటె మోకాళ్ళు మడిచి నేలకి కూర్చోవడాన్ని ‘బరక’ అంటారు. కదలకుండా ఒకచోట కుదురుకోవడం అన్నమాట. నీళ్ళు ఎటూ పోకుండా కుదురుకున్న చోటు బిర్కా అయిందని ఆ పుస్తకంలో రాశారు. దీవెన అనే మాటా ఆ వేళ్ళలోంచే మొలిచిందట. కాబట్టి షేక్ పూర్తిగా ఓడలేదు. ఆ రోజంతా వీధిలో గర్వంగా నడిచాడు.

మన ఏల్మీ మామ ‘తోలి కూర్చోబెడతారు’ అన్నాడు చూశావా. ఆయన ఆ పుస్తకం చూసి ఉండడు.

గూలేద్ నాతో పనిచేసే అతను. అంతే.

అవాలె మనుషులు వచ్చారా? పిల్లలూ ముసలివాళ్ళూ కూడా వచ్చారా, లేక మగవాళ్ళేనా? వాళ్ళకి నీళ్ళు ఎక్కడ దొరుకుతున్నాయి? సమతర్ అన్న ఏమంటున్నాడు? వెంటనే రాయి. ఇక్కడ తూర్పు వైపు వాళ్ళు కొందరున్నారు, ఇంటి కబురు లేక బెంగపడుతున్నారు. అందుకని అడుగుతున్నాను.

కిన్సీ

*

గెద్దీర్

కిన్సీకి,

ఈసారి సరదా మాటలు లేవు.

వాళ్ళు వచ్చారు. అవాలె పెద్దాయన, ఆయన వంశం అంతా. ఆడవాళ్ళు, పసిపిల్లలు, మేకలు. మన కంచెకి చూపుమేర దూరంలో గుడిసెలు వేసుకున్నారు. నీళ్ళు అడిగారు.

వాళ్ళెవరో నీకు చెప్పక్కర్లేదు. మన రోబ్లెని, నా తమ్ముణ్ణి, బావి దగ్గర వంతు కోసం కొట్టి చంపినవాడు వాళ్ళ పిల్లాడే. పెద్దలు కూర్చుని ఒంటెలు ఇప్పించారు, చేతులు కలిపించారు. ఒంటెలు మన మందలో కలిసిపోయాయి. నా కడుపులోని దుఃఖం కలవలేదు. ఆ ఒంటెల పాలు నేను ఇప్పటికీ తాగను. నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న తుమ్మచెట్టు నీడన పెద్దలు కూడారు. బర్కద్ మనది కాబట్టి నన్నూ పిలిచి ఒక పక్కన కూర్చోబెట్టారు. అవాలె పెద్దాయన నిలబడి మాట్లాడాడు.

“కుంటలో నీళ్ళు ఎవరివి? అందరివి, మబ్బుని ఎవరూ తోలుకురాలేదు కాబట్టి. బావిలో నీళ్ళు ఎవరివి? తవ్వినవాడివి. అయినా వంతు అడిగితే కాదనరు. రెంటికీ మన తాతలు కట్టుబాటు చెప్పారు. మరి మీ బర్కద్‌కి? అది వాళ్ళకి తెలియని మాట. తెలియని మాటకి కట్టుబాటు ఎక్కడిది? పడింది వాననీళ్ళు. నేను దాన్ని కుంట అంటాను.”

సమతర్ అన్న లేచాడు. “కుంట అయితే కుంట దగ్గరికే పో. దీనికి రాయి మోసింది మా చిన్నాన్న. సిమెంటు మోసింది మా ఒంటెలు. తెలియని మాట కావచ్చు, యజమాని తెలియనివాడు కాదు.”

మధ్యలో ఏల్మీ మామ, “దహబో చెల్లెలు ఈ మాట మీదే పనిచేస్తోంది, అడగండి,” అన్నాడు. నీ ఉత్తరం నా కొంగులో ఉంది. చదివాను. ఒంటె మోకాళ్ళేయడం దగ్గర అందరూ తలలూపారు.

అవాలె ఆ మాట పట్టుకున్నాడు. “విన్నారా? ఒంటె మోకాళ్ళేసేది ఎందుకు? మనిషిని ఎక్కించుకోడానికి.”

“మోకాళ్ళేసిన ఒంటెకీ ముద్ర ఉంటుంది పెద్దాయనా,” అన్నాడు సమతర్. “దారిన పోయే ప్రతివాడూ ఎక్కడు.”

అందరూ నవ్వారు, అవాలె కూడా నవ్వాడు. నవ్వు ఆగాక మళ్ళీ అందరికీ దాహం గుర్తొచ్చింది. ఏదీ తేలలేదు.

చివరికి పెద్దలన్నారు, బర్కద్‌ని చనిపోయే ముందు మీ నాన్న నలుగురి ఎదుటా కూతుళ్ళిద్దరికీ ఇచ్చాడు, వాళ్ళిద్దరూ చెప్పాల్సిందే అని. సమతర్‌కి అది నచ్చలేదు. అయినా ఒప్పుకున్నాడు. మీ బావని అడిగితే, “మీ నాన్న మీకిచ్చింది, నన్ను లాగకు,” అని ఒంటెల వెనక వెళ్ళిపోయాడు.

సగం నీది. నీ మాట ఏంటి? నా మనసు మాత్రం వద్దంటోంది. దాచకుండా రాస్తున్నాను. షిరె ఇంజను ఆపకుండా నిలబడ్డాడు.

దహబో

*

మొగదిషు

అక్కా,

ముందు ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా నా మాట చెబితే, తర్వాత తెలిసిననాడు నువ్వు నన్ను నమ్మవు.

గూలేద్ అవాలె తమ్ముడి కొడుకు. మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం.

ఇక్కడ ఎవరినైనా నీది ఏ వంశం అని అడగడం నిషేధం. అందరం ఒకటే అని గోడల మీద రాశారు. నేనూ అడగలేదు. ఒకరోజు బావి పాట పాడుతూ అతను రోబ్లె పోయిన ఆ బావి పేరు చెప్పి, తమవాళ్ళు నీళ్ళు తోడేది అక్కడే అన్నాడు. నా చేతిలో కాగితం కింద పడింది. అప్పటికే ఆలస్యమైంది అక్కా. రోబ్లె మా అన్న అని నేనే చెప్పాను. అతను మర్నాడు వచ్చి, “నువ్వు నా ముఖం చూడనంటే వేరే గదికి మారతాను,” అన్నాడు. నేను మారవద్దన్నాను.

ఇప్పుడు బర్కద్ మాట. ఆ పుస్తకంలో ఇంకేమైనా ఉందేమోనని మళ్ళీ వెతికాను. షేక్‌నీ అడిగాను. ఆ మాట నీళ్ళు ఉంటాయని చెబుతుంది, అంతే. ఎవరు తాగాలో ఏ మాటలోనూ రాసి ఉండదు. అది మనమే చెప్పాలి.

నా సగం వాళ్ళకి ఇచ్చెయ్యి. గూలేద్ కోసం కాదు. అతను లేకపోయినా ఇదే రాసేదాన్ని అనుకుంటున్నాను, నిరూపించే దారి లేదు. పసిపిల్లలున్నారని రాశావు, నాకు అది చాలు. నీ సగం నీది. నిన్ను ఒప్పించడానికి ఒక్క మాట కూడా రాయను. రోబ్లెకి స్నానం చేయించి గుడ్డలో చుట్టినప్పుడు నువ్వు అక్కడున్నావు, నేను బడిలో ఉన్నాను.

కోపం వస్తే తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

నీ కిన్సీ

*

మొగదిషు

అక్కా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. షిరె లారీ చెడిపోయిందని విన్నాను. అదే కారణమని అనుకుంటున్నాను. కోపమే కారణమైతే అదైనా రాయి.

గూలేద్ సెలవు పెట్టి ఇంటివాళ్ళ దగ్గరికి బయల్దేరాడు. నేను పంపలేదు, ఆపలేదు కూడా.

నిఘంటువులో ‘బర్కద్’ పూర్తయింది. ‘అరబ్బీ బిర్కా నుంచి, వాననీటిని నిలవ చేయడానికి నేలలో తవ్వి, రాయీ సిమెంటూ కట్టిన తొట్టి’ అని రాశాను. మా పెద్ద ‘యజమాని నీళ్ళు అమ్ముకునే తొట్టి’ అని మార్చబోయాడు. అలా కుదరదన్నాను. ఎందుకని అడిగాడు. “మా ఇంట్లో ఇంకా తేలలేదు,” అన్నాను. ఆయనకి అర్థం కాలేదు కానీ కలం కింద పెట్టేశాడు.

కిన్సీ

*

గెద్దీర్

కిన్సీకి,

లారీ నిజంగానే చెడిపోయింది. నీ రెండు ఉత్తరాలూ ఒక్కసారే వచ్చాయి. రెండోది ముందు చదివాను, అప్పటికి ఏమీ అర్థం కాలేదు. మొదటిది చదివాక కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే, కుండ దించి మళ్ళీ పొయ్యి మీద పెట్టి, ఎందుకు పెట్టానో మర్చిపోయాను. గూలేద్ సంగతి తర్వాత మాట్లాడతాను. తిట్లు దాచి ఉంచాను, చెడిపోవు.

నీ సగం వాళ్ళకి ఇచ్చెయ్యమన్నావు. ఆ ఉత్తరం వచ్చేనాటికే వాళ్ళు తాగుతున్నారు.

ఎలా జరిగిందో చెబుతాను. పెద్దలు కూడిన రెండు రోజులకి, పొద్దున్నే మేకలకి తలుపు తీస్తున్నాను. కంచె బయట ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పక్కన వేరునారతో అల్లిన నీళ్ళ బుంగ, ఖాళీది. అడగడం లేదు, పిలవడం లేదు. చూడ్డానికి మన అమ్మలాగే మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

“ఎవరివమ్మా?” అన్నాను.

“నా పేరు మాకో. హిర్సి తల్లిని.”

హిర్సి అంటే రోబ్లెని కొట్టినవాడు. వాడు ఒంటెలు ఇచ్చాక సముద్రం దాటి పోయాడు, మళ్ళీ రాలేదట. ఆవిడ నా ముఖం చూడలేదు, నేల చూస్తూ మాట్లాడింది.

“వాడు చేసింది మర్చిపోమని అడగడానికి రాలేదు తల్లీ. అది అడిగే మొహం నాకు లేదు. మనవరాళ్ళున్నారు, మేకలున్నాయి. వాళ్ళకీ వాటికీ నీళ్ళు పొయ్యి. నాకు వద్దు.”

“నీకెందుకు వద్దు?”

“నీ తమ్ముడి ఇంటి నీళ్ళు నా గొంతు దిగవు.”

“ఎండలో ఇంకో పూట కూర్చుంటే నువ్వే పోతావు.”

“పోతే పోనీ. నీకు ఒక చుక్క మిగుల్తుంది.”

కిన్సీ, నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఒక తల్లి నాలాగే తిండి మానుకుని కూర్చుందని నాకెవరూ చెప్పలేదే అని. నేను ఆ ఒంటెల పాలు తాగలేదు, ఆవిడ మన నీళ్ళు తాగనంటోంది. మా ఇద్దరి పంతం వల్ల రోబ్లె లేచి వస్తాడా?

ముళ్ళ కొమ్మ పట్టుకుని లాగాను. అరచెయ్యి చీరుకుంది. బొక్కెన దించి తోడి, ముందు ఆవిడ నోటికే పెట్టాను. “ముందు నువ్వు తాగు. తాగకపోతే నీ మేకలకీ లేదు,” అన్నాను. ఆవిడ తాగింది. తాగుతూ ఏడ్చింది. నీళ్ళు సగం మెడ మీద పడ్డాయి. “కార్చకమ్మా, ఎండాకాలం,” అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఎందుకొచ్చిందో తెలియదు.

ఇక నీ సగం, నా సగం అంటావా? నీళ్ళలో నీ సగం ఎక్కడ మొదలవుతుందో వచ్చి చూపించు. నాకైతే గీత కనపడలేదు.

సమతర్ అన్న వచ్చి అరిచాడు. “అవతలి వంశం మొత్తాన్నీ పోషిస్తావా? వానలొచ్చేదాకా మనకే చాలవు.” ఆయన అబద్ధం చెప్పలేదు. పెద్దలు మళ్ళీ కూర్చుని తేల్చారు. మనుషులకీ మేకలకీ మాత్రమే, అదీ కొలిచి పోయాలి. ఒంటెలు దూరపు బావులకి పోవాలి. అవాలె ఒప్పుకున్నాడు.

నీళ్ళు దిగుతున్నాయి. గోడ మీద పాత పూత కనబడుతోంది. భయంగానే ఉంది. అయినా పొద్దున్న లేవగానే ఒళ్ళు తేలిగ్గా ఉంటోంది.

దహబో

*

మొగదిషు

అక్కా,

నీ ఉత్తరం కార్యాలయం మెట్ల మీద చదివాను. లోపలికి వెళ్ళలేకపోయాను. బుల్హాన్ తాత బయటికి వచ్చి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని, తన ఖర్జూరాలు సగం నా చేతిలో పెట్టాడు.

దాచిన తిట్లు ఎప్పుడు పంపుతావు? నాకు అవీ కావాలి.

ఇక్కడ రోజూ మబ్బు పడుతుంది, సముద్రం మీద కురిసి పోతుంది. మన వైపు ఎలా ఉంది? నీళ్ళు ఎంత ఉన్నాయి? గూలేద్ కబురు లేదు.

కిన్సీ

*

గెద్దీర్,
గూ వానలు పడ్డ రోజు

కిన్సీకి,

పైన రాసింది చదివావుగా. ఇప్పుడు మొదట్నుంచి చెబుతాను, తొందరపడకు.

బర్కద్ అడుగంటింది. చివర్లో బొక్కెనకి బురదే వచ్చింది. దాన్ని గుడ్డలో వడగట్టాం. సమతర్ అన్న అంచున నిలబడి, నేను చెప్పానా లేదా అన్నట్టు చూశాడు కానీ నోటితో అనలేదు. ఆ మంచితనం ఆయనకి రాసిపెట్టు. నడవాల్సిందే అనుకున్నాం. నా చిన్నదానికి జ్వరం, మేకలు లేచి నిలబడలేకపోతున్నాయి. గుడిసె కట్టలు విప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు తూర్పు నుంచి ఒంటెలు వచ్చాయి. అవాలె ఒంటెలు. దూరపు బావికి తాగడానికి పోయినవి, వీపుల నిండా నీళ్ళ బుంగలతో తిరిగొచ్చాయి. మాకు చెప్పకుండా వాళ్ళలో వాళ్ళే అనుకున్నారట. ముందు నడుస్తున్న కుర్రవాడి కాళ్ళకి పట్నం బూట్లు. ఒకటి నోరు తెరిచింది. ఒంటెల్ని హుషారు చెయ్యడానికి పాట పాడుతున్నాడు. పాటలు చాలా వచ్చని రాశావు, గొంతు సంగతి రాయలేదు. ఒంటెలు సహించాయి, నేనూ సహించాను.

మాకో అవ్వ బుంగ దించి నా దోసిట్లో పోసింది.

“ఇది ఏ బావి నీళ్ళో నీకు తెలుసు,” అంది మెల్లగా.

తెలుసు. రోబ్లె పడిపోయిన బావి. దోసిలి నిండా పట్టుకుని నిలబడ్డాను. అందరూ చూస్తున్నారు. వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. పిల్లదాని జ్వరం గుర్తొచ్చింది, తాగాను. ఉప్పగా ఉన్నాయి. అంతే కిన్సీ, ఉప్పగా ఉన్నాయి, అంతకన్నా ఏమీ లేదు. పిల్లకి పట్టాను. తర్వాత సమతర్ అన్న కూడా తాగి, మూతి తుడుచుకుని, “మన బర్కద్ నీళ్ళే తీపి,” అన్నాడు.

“అందుకేగా ఇంత దూరం వచ్చింది,” అంది అవ్వ.

ఒంటెలు మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ తెచ్చాయి. అలా వానలదాకా నెట్టుకొచ్చాం. నాలుగు మేకలు పోయాయి. మనుషులెవరూ పోలేదు. పిల్లదాని జ్వరం తగ్గింది.

నిన్న ఖాళీ బర్కద్‌లో ఒండ్రు తీశాం. రెండు వంశాల ఆడవాళ్ళూ దిగారు. ఏల్మీ మామ అంచున కూర్చుని చీలికలకి కొత్త పూత ఎలా వెయ్యాలో అరుస్తున్నాడు. ఆయన చెప్పినట్టు గూలేద్ సిమెంటు కలిపాడు. బాగా కలపలేదు. మామ తిట్టాడు, మళ్ళీ కలిపాడు, ఈసారి బాగానే కలిపాడు. ఎదురు చెప్పలేదు. వాళ్ళ మేతబయలు దగ్గర కూడా ఒక బర్కద్ తవ్వాలని అవాలె అడిగితే, మామ కర్రతో కొలతలు చూసి వచ్చాడు. రాళ్ళు మనవాళ్ళ ఒంటెలు మోస్తాయి. ఆ మాట ఎవరన్నారో తెలుసా? సమతర్ అన్న.

అవాలె పెద్దాయన నిన్న సాయంత్రం పాలకుండతో మన గుమ్మం ముందు కూర్చుని నిన్ను గూలేద్‌కి ఇమ్మని అడిగాడు. నేను నీ తిట్లు ఆయనకి పెట్టాను, కొన్నే. “మా పిల్ల నలుగురితో వాదించే పని చేస్తుంది, పెళ్ళయ్యాక మానదు,” అన్నాను. “మావాడు వినే పనిలో ఉన్నాడు,” అన్నాడు. ఆ కుండలో పాలు రక్తానికి ఇచ్చిన ఒంటెల అక్కచెల్లెళ్ళవి కాదని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తాగాను.

ఇది రాయడానికి కూర్చోబోతుంటే చినుకులు మొదలయ్యాయి. ఇప్పుడు వాగు కాలవలోకి తిరిగింది. ఎర్రనీళ్ళు నురగతో వచ్చి బర్కద్‌లో పడుతున్నాయి. ఆ చప్పుడుకి మాకో అవ్వా, మన పిల్లలూ అంచున తడుస్తూ నిలబడ్డారు, లోపలికి రమ్మంటే రావడం లేదు. కాగితం మీద నీళ్ళు పడుతున్నాయి, అక్షరాలు పాకితే చదువుకో.

ఇంకా నాలుగు రోజులు ఇలాగే కురుస్తుందని మామ అంటున్నాడు. దారంతా బురద, లారీ దిగబడుతుంది. వాన ఆగేదాకా బయల్దేరకు. ఆగిన మర్నాడు మాత్రం అక్కడ ఉండకు.

నీ అక్క,
దహబో